కింది పేరా చదివి జవాబులు రాయుము

మొన్న సంక్రాంతికి ఊరెళ్ళాను. మాది రాజోలు దగ్గర చిన్న ఊరు. భోగి నాటి మధ్యాహ్నం భోజనాలయ్యాక అందరూ కునుకు తీస్తుంటే మా అక్క కూతురు మాత్రం వీధరుగు మీద ఇంగ్లీషు పుస్తకం పెట్టుకు కూర్చుంది. ఇంటర్ రెండో సంవత్సరం. పండగ సెలవుల్లో రోజుకి అయిదు ప్యాసేజ్‌లు చేసుకు రమ్మన్నారట కాలేజీలో. అయిదూ పావుగంటలో అవగొట్టేసింది. నేను చూశాను కదా, పిల్ల పేరా చదవనే లేదు! ముందు ప్రశ్న చూడటం, అందులోంచి ఒక మాట పట్టుకోవడం, ఆ మాట పేరాలో ఎక్కడుందో వేలుతో వెతకడం, ఆ వాక్యం మొత్తం దింపేయడం. అంతే.

"అదేంటే, చదవకుండానే రాసేస్తున్నావ్?" అన్నాను.

"చదివితే టైం సరిపోదు మావయ్యా. మా సార్ ఇలాగే చెయ్యమన్నారు. ఫుల్ మార్కులొస్తాయి."

ఆ అమ్మాయిది తప్పు కాదు. ఆ సారుదీ కాదు. మేమూ అంతే చేశాం. ఇప్పుడు దాన్ని మన భాషలో గ్రెప్ అంటాం, అప్పట్లో పేరు తెలీదు. సరదాకి ఒక పరీక్ష పెట్టాను. ఒక కాగితం మీద ఇలా రాసిచ్చాను: "గోమట్లు తెల్లారగానే ఫిల్గుల్లో బిరకాయి. వాటి టింకులు పచ్చగా ఉండటం వల్ల జొరిగలు భయపడ్డాయి." ప్రశ్నలు రెండు. గోమట్లు ఎక్కడ బిరకాయి? జొరిగలు ఎందుకు భయపడ్డాయి? పిల్ల నవ్వుతూనే రాసింది. ఫిల్గుల్లో. వాటి టింకులు పచ్చగా ఉండటం వల్ల. నూటికి నూరు. "మరి గోమట్లంటే ఏంటే?" అన్నాను. "అది అడగరు మావయ్యా" అంది.

"అది అడగరు" అన్న మాట పండగ మూడ్రోజులూ నన్ను వదల్లేదు. ఎప్పట్నించి అడగడం మానేశారు? అసలెప్పుడైనా అడిగారా? ఇంజనీరింగ్ బుర్ర కదా, బగ్ కనిపిస్తే అది ఏ వెర్షన్లో దూరిందో చూడకపోతే నిద్ర పట్టదు. అందుకే ఈ టపా.

మన డెల్టా కథ ధవళేశ్వరం ఆనకట్టతో మొదలెట్టడం మనందరికీ అలవాటు. ఇక్కడా అక్కణ్ణించే మొదలెట్టాలి. 1847లో మొదలై 1852కి కాటన్ దొర ఆనకట్ట పూర్తయింది. నీళ్ళొచ్చాయి, తరవాత డబ్బులొచ్చాయి, ఆ వెంటనే బళ్ళొచ్చాయి. 1853లో రాజమండ్రిలో జిల్లా స్కూలు పెట్టారు. ఇప్పటి గవర్నమెంట్ ఆర్ట్స్ కాలేజీకి మూలం అదే, 1873లో కాలేజీ అయింది. ఇటు నరసాపురం వైపు సబ్ కలెక్టరు జి.ఎన్. టేలర్ హయాంలో, 1850ల నడిమిలో, ఇంకో ప్రయోగం జరిగింది. రైతులు శిస్తు మీద కొంత కలిపి కడితే ఆ డబ్బుతో ఊరిబళ్ళు నడిపారు. ఈ వసూలుకి చట్టం దన్ను లేదని తర్వాత తేలితే, ముఖ్యంగా దీని కోసమే 1863లో మద్రాసు ప్రభుత్వం ఒక విద్యాచట్టం చేయాల్సొచ్చింది. నరసాపురంలో టేలర్ హైస్కూలు పేరు వినే ఉంటారు. ఆ ఊరిబళ్ళలో చదువు తెలుగులోనే.

ఇంగ్లీషు ఎందుకు కావాల్సొచ్చిందంటే, ఉద్యోగం కోసం. దాచుకోడానికేం లేదు. ఇంగ్లీషు చదువు చదివినవాళ్ళకి సర్కారు కొలువుల్లో ముందు పీట అని 1844లోనే గవర్నర్ జనరల్ హార్డింజ్ ప్రకటించాడు. 1857లో మద్రాసు యూనివర్సిటీ వచ్చింది, దాంతోపాటు మెట్రిక్యులేషన్ పరీక్ష. అది గట్టెక్కితే ఎఫ్.ఏ., ఆపైన బి.ఏ. ఎఫ్.ఏ. అంటే మన ఇంటర్మీడియట్‌కి తాతగారు. మనవాళ్ళకి ఆన్‌సైట్ ఎంతో, అప్పటివాళ్ళకి మెట్రిక్ అంత. తప్పినవాళ్ళు కూడా "మెట్రిక్ ఫెయిల్" అని గర్వంగా చెప్పుకునేవారంటే ఆలోచించండి, ఫెయిలవడానికైనా అక్కడిదాకా వెళ్ళాలి కదా!

ఆ రోజుల్లో ఇంగ్లీషు పేరా ఇచ్చి కుర్రాడికి అర్థమైందో లేదో ఎలా చూసేవారు? ప్రధానంగా రెండు దార్లు. ఒకటి పారాఫ్రేజ్, ఇచ్చిన భాగాన్ని నీ సొంత ఇంగ్లీషులో తిరగరాయడం. రెండోది అనువాదం, ఇంగ్లీషు నుంచి తెలుగుకి, తెలుగు నుంచి ఇంగ్లీషుకి. ఈ రెంటిలోనూ గ్రెప్ పనిచెయ్యదు. గోమట్లంటే ఏంటో తెలియకపోతే తెలుగులో ఏం రాస్తావ్?

ఇక్కడ కందుకూరి వీరేశలింగం గారి సంగతి చెప్పాలి. సంఘసంస్కర్తగా ఆయన మనకి తెలుసు, టాంకుబండ్ మీద విగ్రహంగా తెలుసు. ఇంగ్లీషు చదువరిగా ఆయన్ని ఎవరూ తలుచుకోరు. రాజమండ్రిలోనే పుట్టి (1848) అక్కడే చదివి మెట్రిక్ పాసై, కోరంగిలోనూ తర్వాత ధవళేశ్వరంలోనూ బడిపంతులుగా చేశాడు. అంటే మనం మాట్లాడుకుంటున్న చదువుకి బల్లకి రెండు వైపులా కూర్చున్న మనిషి. ఆయన గోల్డ్‌స్మిత్ రాసిన 'వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డ్' చదివాడు. 1766లో వచ్చిన నవల. ఇంగ్లండులో ఒక పల్లెటూరి పాదిరీ, ఆయన కుటుంబం, ఆస్తి పోవడం, కూతుళ్ళకి కష్టాలు, జైలు, చివరికి అంతా సర్దుకోవడం. దాన్ని మొదట తెలుగు చేయబోయి, మనసొప్పక ఆపేసి, తన సొంత కథగా రాశాడు. అదే 'రాజశేఖర చరిత్రము'. 1878లో 'వివేకవర్ధని'లో వరసగా వచ్చి 1880లో పుస్తకమైంది.

ఈ రెండు పుస్తకాలూ పక్కపక్కన పెట్టుకుని చదివి చూడండి, సరదాగా ఉంటుంది. అక్కడ పాదిరీ గారి కొడుకు సంతలో గుర్రాన్ని అమ్మి, మోసగాడి మాటలు నమ్మి, గ్రోసు ఆకుపచ్చ కళ్ళజోళ్ళు కొనుక్కుని ఇంటికొస్తాడు. ఇక్కడ ధవళేశ్వరంలో రాజశేఖరుడు గారు బంగారం చేసిపెడతానన్న బైరాగిని నమ్మి ఉన్న బంగారం పోగొట్టుకుంటాడు. గుర్రం లేదు, కళ్ళజోళ్ళు లేవు. కానీ ఆ పేరాలో ఉన్న అసలు సరుకు, మంచివాడు ఎలా మోసపోతాడు, మోసపోయేది దేనికి, అది మాత్రం చెక్కు చెదరకుండా గోదావరి ఒడ్డుకి వచ్చేసింది. అక్కడ మారువేషంలో తిరిగే జమీందారు, ఇక్కడ మారువేషంలో పెద్దాపురం ప్రభువు. కథ కూడా ఎక్కడో కాదు, ధవళేశ్వరంలో గోదావరి వర్ణనతో మొదలై రాజమండ్రి, పెద్దాపురం దారుల్లోనే తిరుగుతుంది. కాపీ అనేవాళ్ళు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. నా దృష్టిలో మాత్రం తెలుగువాడు రాసిన అత్యుత్తమ రీడింగ్ కాంప్రహెన్షన్ జవాబు ఇదే :-) గోల్డ్‌స్మిత్ వాక్యం ఒక్కటీ దింపలేదు, గోల్డ్‌స్మిత్ అర్థమయ్యాడని మాత్రం పేజీ పేజీకీ తెలుస్తుంది. ఇంకో తమాషా ఏంటంటే, ఈ నవలని హచిన్సన్ అనే ఆయన మళ్ళీ ఇంగ్లీషులోకి మార్చి 'ఫార్చ్యూన్స్ వీల్' పేరుతో 1887లో లండన్‌లో అచ్చేయించాడు. వెళ్ళిన కథ ఇరవయ్యొక్క ఏళ్ళు తక్కువ నూట నలభై రెండేళ్ళకి, అంటే 121 ఏళ్ళకి, పంచె కట్టుకుని ఇంటికి తిరిగెళ్ళింది.

అయితే అందరూ కందుకూరులు కాలేదు, అది నిజం. అనువాదం పెట్టినా పారాఫ్రేజ్ పెట్టినా, పాఠ్యపుస్తకం ముందే తెలిసినప్పుడు దానికి 'కీ' తయారవుతుంది. పారాఫ్రేజ్ కూడా కీలోనే ఉంటే కుర్రాడు దాన్నే బట్టీ కొడతాడు. 1902లో కర్జన్ వేసిన యూనివర్సిటీల కమిషన్ నెత్తీ నోరూ కొట్టుకుంది ఇదే: ఈ దేశంలో చదువు కోసం పరీక్ష కాదు, పరీక్ష కోసం చదువు నడుస్తోందని. నూట ఇరవై ఏళ్ళు దాటింది, ఆ ముక్క ఇవాళ పేపర్లో వేసినా ఎవరూ పాతదనుకోరు. గురజాడ అయితే కమిషన్లూ రిపోర్టులూ లేకుండా నాటకంలో తేల్చేశాడు. కన్యాశుల్కంలో వెంకటేశం ఇంగ్లీషులో మాట్లాడాలని ఇంట్లోవాళ్ళ కోరిక. గిరీశం, వెంకటేశం కలిసి సంబంధం లేని ముక్కలు అప్పజెప్పేస్తారు, ఇంట్లోవాళ్ళు మురిసిపోతారు. వినేవాడికి సరిచూసుకునే దారి లేకపోతే గోమట్లూ జొరిగలూ చాలు.

కానీ తెలుగులో చెప్పించడానికి ఇంకో అడ్డం ఉంది, అది మన చేతులారా పెట్టుకున్నది. పరీక్షలో ఏ తెలుగు రాయాలి? గ్రాంథికమే రాయాలి. అంటే కోనసీమ కుర్రాడు ఇంగ్లీషు పేరా అర్థం చేసుకుని, దాన్ని తను ఇంట్లో మాట్లాడని ఇంకో భాషలోకి మార్చాలి. తప్పు వస్తే అది ఇంగ్లీషు రాక వచ్చిందా, గ్రాంథికం రాక వచ్చిందా, దిద్దేవాడికి ఎలా తెలుస్తుంది? రెండు వేరియబుల్స్ ఒకేసారి మారిస్తే ఏం డీబగ్ చేస్తాం? గిడుగు రామమూర్తి గారి పోరాటాన్ని మనం సాహిత్యం గొడవ అనుకుంటాం గానీ, అది పుట్టింది బడిలో, పెరిగింది పరీక్ష హాల్లో. 1912-13 ప్రాంతంలో స్కూల్ ఫైనల్ వ్యాసం ఆధునిక భాషలోనూ రాయొచ్చని బోర్డు ఒప్పుకుంది. వెంటనే పండితులు లేచారు. వాళ్ళ ముందువరసలో నిలబడ్డ జయంతి రామయ్య పంతులు గారిది మా కోనసీమే, ముక్తేశ్వరం. గోల గోల చేసి కొద్దికాలానికే ఆ సడలింపు వెనక్కి తీయించారు. వీరేశలింగం గారు జీవితమంతా గ్రాంథికంలో రాసి, చివర్లో ఇటు తిరిగారు. 1919 ఫిబ్రవరిలో వర్తమానాంధ్ర భాషా ప్రవర్తక సమాజం పెడితే ఆయన అధ్యక్షుడు, గిడుగు కార్యదర్శి. మే నెలలో ఆయన పోయారు. ఇంకో పదేళ్ళు బతికుంటే రాజమండ్రి బళ్ళలో ఏం జరిగి ఉండేదో అని నాకు అప్పుడప్పుడూ అనిపిస్తుంటుంది.

ఇక కాంప్రహెన్షన్ అనే ఆలోచన ఎలా బలపడిందో చూద్దాం. దీనికి కాస్త బెంగాల్ దాకా వెళ్ళాలి. ఢాకాలో మైకేల్ వెస్ట్ అనే విద్యాధికారి ఉండేవాడు. 1926లో 'బైలింగ్వలిజం' అని పుస్తకం రాశాడు. ఆయన వాదన నాకు భలే నచ్చింది. బెంగాలీ పిల్లల్లో చాలామంది బడి మధ్యలోనే మానేస్తారు. వాళ్ళకి ఇంగ్లీషు అరకొరగా మాట్లాడటం నేర్పితే మానేసిన మర్నాటి నుంచీ ఎందుకూ పనికిరాదు. చదవడం నేర్పితే, ఎంత వరకు నేర్చుకుంటే అంత వరకూ పనికొస్తుంది. దీనికి ఆయన వాడిన మాట 'సరెండర్ వాల్యూ'. ఎల్ఐసీ పాలసీ మధ్యలో ఆపేస్తే చేతికి ఎంతొస్తుంది? చదువు మధ్యలో ఆపేస్తే చేతికి ఎంతొస్తుంది? అందుకని ముందు చదివించు, తక్కువ మాటలతో రాసిన పుస్తకాలిచ్చి బోలెడు చదివించు అన్నాడు. ఆ పద్ధతిలో రీడర్లు కూడా తయారుచేశాడు. గమనించారా, వెస్ట్ చెప్పింది చదవడం గురించి. మనకి చేరేసరికి అది చదివిన తర్వాత వచ్చే ప్రశ్నల గురించి అయిపోయింది.

స్వతంత్రం వచ్చాక 1958లో హైదరాబాదులో కేంద్ర ఇంగ్లీషు సంస్థ పెట్టారు (అదే తర్వాత సీఫెల్, 2007 నుంచి ఇఫ్లూ). స్ట్రక్చర్లు, డ్రిల్లులు వచ్చాయి. 1971లో ఇంటర్ బోర్డు వచ్చింది. ఈ భాగం అంతా నాకు పెద్ద ఆసక్తిగా అనిపించదు, సిలబస్ మారడం తప్ప పిల్లవాడు చేసేది మారలేదు. ఒక్క ప్రయోగం మాత్రం చెప్పుకోవాలి. 1979 నుంచి 1984 దాకా బెంగుళూరు కేంద్రంగా ఎన్.ఎస్. ప్రభు అనే ఆయన దక్షిణాది బళ్ళలో కొన్నిట్లో వ్యాకరణం పక్కనపెట్టి, పిల్లలకి రైలు టైంటేబుళ్ళూ మ్యాపులూ ఇచ్చి లెక్క తేల్చమన్నాడు. ఫలానా ఊరికి సాయంత్రం లోపు చేరాలంటే ఏ బండి ఎక్కాలి, ఎక్కడ మారాలి? జవాబు టైంటేబుల్లో ఎక్కడా వాక్యంగా ఉండదు. దింపడానికి ఏమీ లేదు! చదివి, అర్థం చేసుకుని, ఆలోచిస్తే తప్ప రాదు. ప్రపంచమంతా ఇంగ్లీషు పాఠాల పుస్తకాల్లో ఈ ప్రయోగం ప్రస్తావన ఉంటుంది. అది మా డెల్టా దాకా వచ్చిన ఆనవాలు మాత్రం నా చదువులో ఎక్కడా తగల్లేదు. నిడదవోలులో బండి మారి నరసాపురం వెళ్ళడం మాకు ఎవరూ నేర్పక్కర్లేదు, అదే బళ్ళో పాఠమైతే ఎంత బావుండేది.

మా రోజుల్లో ఇంటర్ అంటే ఎంపీసీ, ఎంసెట్. ఇంగ్లీషు ఎంసెట్‌లో లేదు. ఇంటర్ మార్కులకిచ్చే వెయిటేజీ కూడా గ్రూపు సబ్జెక్టులకే. ఇంక ఇంగ్లీషు ఎవడు చదువుతాడు? ఆ పీరియడ్లో లెక్కలు చేసుకునేవాళ్ళం. పరీక్షకి రెండు వారాల ముందు గైడు, ఈ వెతికి దింపే విద్య. నాకు ఎనభై దాటి వచ్చాయి. ఇంగ్లీషు వచ్చేసిందనుకున్నాను.

నా బండారం ఉద్యోగంలో చేరిన ఏడో ఏట బయటపడింది. పేమెంట్లకి సంబంధించిన ప్రాజెక్టు. క్లయింటు పంపిన పత్రంలో ఒక వాక్యం, సారాంశం ఏంటంటే: గేట్‌వే మన రిక్వెస్టు అందుకోకముందే టైమౌట్ అయితే తప్ప మళ్ళీ పంపొద్దు. డిజైన్ డాక్యుమెంట్‌లో 'మళ్ళీ ఎప్పుడు పంపాలి' అనే శీర్షిక కింద నేను చేసిన పని ఏంటో తెలుసా? ఆ వాక్యాన్ని ఉన్నదున్నట్టు దింపాను. క్లయింటు రివ్యూ చేసి సరే అన్నాడు. అనడా మరి? వాళ్ళ వాక్యమే కదా. నా బుర్రలో మాత్రం టైమౌట్, మళ్ళీ పంపు, ఈ రెండు మాటలే మిగిలాయి. కోడ్ అలాగే రాశాను. 'అందుకోకముందే' ఎగిరిపోయింది. రిక్వెస్టు అందుకుని, జవాబివ్వడం ఆలస్యమైన ప్రతిసారీ మళ్ళీ పంపేశాం. కొందరి ఖాతాల్లోంచి డబ్బు రెండుసార్లు పోయింది. వెనక్కిచ్చేశారు లెండి, కానీ ఆ శని ఆదివారాలు నేను మర్చిపోలేను. దర్యాప్తులో మేనేజరు డాక్యుమెంట్ తెరిచి, "రాసింది కరెక్టే కదయ్యా, మరి ఇలా ఎందుకు చేశావ్?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. ఫుల్ మార్కుల జవాబు అది.

ఆ తర్వాత నుంచీ ఒక అలవాటు చేసుకున్నాను. ఎంత చిన్న రిక్వైర్‌మెంట్ అయినా ముందు పక్క సీటువాడికి తెలుగులో చెప్తాను. మా టీములో తమిళ అబ్బాయి ఉంటే వాడు తమిళంలో తన ఫ్రెండుకి చెప్పేవాడు. చెప్పలేకపోయిన చోట ఆగుతాం, అక్కడే ప్రశ్న ఉంటుంది. ఇంగ్లీషు మీడియమా తెలుగు మీడియమా అని ఈమధ్య మన దగ్గర పెద్ద యుద్ధమే నడిచింది కదా. 2019 నవంబరులో ప్రభుత్వం సర్కారు బళ్ళన్నీ ఇంగ్లీషు మీడియం అంటూ జీవోలు ఇవ్వడం, 2020 ఏప్రిల్‌లో హైకోర్టు కొట్టేయడం. ఆ వాదనల్లో రెండు వైపులా నాకు దగ్గరివాళ్ళున్నారు కాబట్టి జోలికి పోను. నాది చిన్న సందేహం. మీడియం ఏదైనా, పేరా ఇంగ్లీషులో ఇచ్చి జవాబు మాత్రం తెలుగులో, అదీ మాట్లాడే తెలుగులో రాయమంటే నష్టమేంటి? తెలుగు రాని పిల్లలు ఏం కావాలని మా తమ్ముడు అడిగాడు. సరైన ప్రశ్నే, వాళ్ళ ఇంటి భాషలో రాయనివ్వాలి, దిద్దేవాళ్ళు దొరకాలి. కష్టమే. తెలిసిన పాఠంలోంచే పేరా ఇస్తే మళ్ళీ గైడు తయారవుతుందన్నాడు. అదీ నిజమే, 1902లోనే తేలిన సంగతి.

కనుమ నాడు ప్రభల తీర్థం చూసొచ్చాక పిల్లని మళ్ళీ కూర్చోబెట్టాను. ఆ ప్యాసేజుల్లో ఒకటి తీసి, "రాయకు, అమ్మమ్మకి చెప్పు" అన్నాను. తేనెటీగల గురించి పేరా. మా అమ్మ వత్తులు చేసుకుంటూ వింటోంది. పిల్ల రెండు వాక్యాలు బానే చెప్పి మూడోదాని దగ్గర ఆగింది. మళ్ళీ పుస్తకం చూసుకుంది. వెనక్కెళ్ళి మొదట్నించి చదివింది, ఈసారి పెదాలు కదుపుతూ.

"అంటే మావయ్యా, దారి తెలిసిన ఈగ వచ్చి మిగతావాటికి ఎగిరి చూపిస్తదన్నమాట. దిక్కు చెప్తది, ఎంత దూరమో కూడా చెప్తది."

"ఎలా చెప్తదే?" అంది మా అమ్మ.

"అది ఇందులో లేదు అమ్మమ్మా" అంది పిల్ల, పేజీ తిరగేసి చూస్తూ.